పసుపు దారం సూదులు

ఊగుడుపాలెం కట్టు సభ పెద్దలకు, సూదుల తెప్ప కాపరి అవనీంద్ర సాష్టాంగపడి సమర్పించుకునే క్షమాపణ.

ఈ చిట్టాలో తేమకు అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి, క్షమించాలి. కొలిమికి నేను ‘పెద్దమ్మాయి’ అని పేరు పెట్టి, రోజూ కుశల ప్రశ్నలు వేసినట్టు అక్కడక్కడా కనపడుతుంది, క్షమించాలి. సభవారు దయచేసిన కొత్త పటకారును, ఇంకా ఏ సూదినీ పట్టుకోకముందే, వీపు గోక్కోవడానికి ప్రారంభోత్సవం చేశాను. వీపు కూడా సభవారి ఉద్యోగిదే కనుక సగం క్షమిస్తే చాలు. నేలశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, కాలు మోపడానికి జానెడు నేల లేని ఊరికి ఉద్యోగానికి వచ్చిన నా తెలివితేటలకు మాత్రం క్షమాపణ అక్కర్లేదు. దాని శిక్ష దానికి అమలవుతూనే ఉంది.

నమోదు 1

పొద్దున్నే తాడు లాగాను. ఊరి నుంచి నా తెప్పకు ఉన్న దారి ఇదొక్కటే. అటొక కప్పీ, ఇటొక కప్పీ, మధ్యన తాడు, తాడుకు వేలాడుతూ ఇంటికో డబ్బా. డబ్బాలో ఆ ఇంటివాళ్లు వాడేసిన సూదులు. ప్రతి సూది మొనకూ బిరడా, తోకకు ఆ ఇంటి రంగు దారం. సూది ఎక్కడ దొరికినా దారం చూసి ఏ ఇంటిదో చెప్పేస్తారు. దారం అబద్ధమాడదని ఊరి నమ్మకం.

నీటి జ్వరం సూది అందరూ వేసుకోవలసిందే. వేసుకున్నాక ఆ సూది ఊళ్లో ఉండకూడదు. మనిషికి గుచ్చుకుంటే జ్వరం, తిత్తికి గుచ్చుకుంటే వీధి మునక. ఊరు మొత్తం గాలి నింపిన తిత్తుల మీద కూర్చుని ఉంది కదా. అందుకని సూదుల్నీ, సూదులు ముట్టుకునే మనిషినీ కలిపి, కేక వినపడనంత దూరాన కట్టేశారు. ఉద్యోగం గడువు తీరేదాకా నేను ఊళ్లో అడుగు పెట్టరాదు. నా తెప్ప మీద ఇంకొకరు అడుగు పెట్టరాదు.

బిరడాలు తీసి ఉడకబెట్టి తిరిగి ఊరికి పంపాను. సూదులు పీపాలో పోశాను. ఎండ కాస్తే అద్దాలు తిప్పి, కొలిమిలో వాటిని కరిగించి ముద్ద చేసేవాణ్ణి. మబ్బు. పెద్దమ్మాయి చల్లగా కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

చివరికి వచ్చేది పసుపు దారం డబ్బా. మంగతాయారు గారి టిఫిన్ తెప్పది. ఆవిడకు చక్కెర జబ్బు, పూటకో సూది. ఊళ్లో అందరికన్నా ఎక్కువ సూదులు ఆవిడవే, అందరికన్నా బిగువైన బిరడాలూ ఆవిడవే. దాని వెనకాలే ఇంకో బుట్టలో నాకు ఇడ్లీలు, అల్లం పచ్చడి వస్తాయి. సభ ఏర్పాటు అది. ఆవిడను నేనెన్నడూ చూడలేదు. ఒక్కోసారి ఇడ్లీ అంచున వేలి ముద్ర పడి ఉంటుంది. ఆ ఇడ్లీని ఆఖర్న తింటాను.

నమోదు 2

శంఖం మోగింది.

నియమం చదువుకోని పాఠకుల కోసం: ఊళ్లో ఎవరికైనా పారేసిన సూది కనపడితే ముట్టుకోకూడదు, కదలకూడదు. శంఖం ఊది దాని పక్కనే నిలబడాలి. మిగతావాళ్లు దూరంగా జరగాలి. కాపరి పడవ వేసుకుని వెళ్లి, చూసినవాళ్ల నోటితో వివరం చెప్పించుకుని, సూదిని పటకారుతో ఎత్తి, వాళ్లు సున్నపు నీళ్లతో చేతులు కడుక్కునేదాకా కనిపెట్టుకుని ఉండాలి. కాపరికి ఊరి ప్రవేశం అంతవరకే. నేను వచ్చాక మోగిన మొదటి శంఖం ఇది. తెడ్డు తిరగేసి పట్టుకుని కొంత దూరం పోయాక గానీ తెలియలేదు.

గాలిమర స్తంభం కింద, తిత్తులకు అతుకులు వేసే బల్ల పక్కన, నూకరత్నం గారు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు.

“ఎంతసేపయ్యా? కాళ్లు తిమ్మిరెక్కిపోయేయి.”

“తెడ్డు వేసుకుంటూ రావాలి కదా పిన్నిగారూ.”

“పిన్నా? నా మొహం చూసే అంటన్నావా? అక్కా అను.”

“అక్కగారూ, సూది ఎక్కడుందో చెప్పండి.”

“నీ కాలి ముందే ఉంది. తొక్కేవు, జాగర్త.”

“మీ నోటితో చెప్పాలండి. నియమం.”

“నా బల్ల కింద. అతుకేద్దామని వంగితే మెరిసింది. చెయ్యి పెట్టలేదు. శంఖం ఊదేను. మా ఆయన లోపల్నించి, ఎవరు పోయేరే, అన్నాడు. చాలా?”

“ఇంకా చెప్పండి.”

“ఇంకేం చెప్పను?”

“ఏదైనా.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత బల్ల అంచున కూర్చుని చెప్పింది. జిగురు ఈమధ్య నీళ్లలా వస్తోందట. మొగుడు గురక పెడితే తెప్ప ఊగుతోందట. అటుపక్క వీధి వాళ్లు తిత్తిలో గాలి తగ్గినా అతుకు వేయించుకోకుండా వంకరగానే కాపురం చేసేస్తున్నారట. నేను అంతా రాసుకున్నాను. సభవారు ఆ భాగం వదిలేసి చదవగలరు.

సూదికి బిరడా లేదు. తోకకు పసుపు దారం.

“మంగతాయారుదా?” అంది నూకరత్నం అక్క. “అది అంత అజాగర్త మనిషి కాదే.”

చేతులు కడగమన్నాను. కడిగింది. సున్నపు నీళ్లు సరిగా పడలేదేమోనని మళ్లీ కడగమన్నాను.

“నీకు మాట్టాడ్డానికి ఎవరూ లేరేంటి బాబూ?”

నియమాల్లో ఆ ప్రశ్న లేదని చెప్పాను.

నమోదు 3

మళ్లీ శంఖం. అదే స్తంభం కింద, అదే బల్ల దగ్గర, అదే రంగు.

ఈసారి దూరంగా జనం గుమిగూడారు. వాళ్ల ముందు చేతిలో గరిటెతో ఒక భారీ మనిషి నిలబడి ఉంది. పిండి అంటిన చెంగు. వేళ్లకేసి చూశాను. ఇంత దూరానికి ముద్రలు కనపడవు.

“రత్నం, నా ఒట్టు, బిరడా పెట్టకుండా నేనెప్పుడూ డబ్బాలో వెయ్యలేదే,” అని అక్కణ్ణించే పలికింది.

“నేనన్నానా?” అంది నూకరత్నం అక్క. “దారం అంటంది.”

జనంలో ఎవరో టిఫిన్ పొట్లం నీళ్లలోకి జారవిడవడం చూశాను. పెసరట్టు కొంతసేపు తేలింది.

నమోదు 4

ఈరోజు సంగతి తేలిపోయింది. రాస్తున్నాను.

మబ్బు వదలడం లేదు, పీపా నిండుగా ఉంది. ఇడ్లీ తింటున్నాను. ఒక కాకి వచ్చి పీపా అంచున వాలింది. తల వంచి అటూ ఇటూ చూసింది. ఆకుపచ్చ దారం లాగి వదిలేసింది. ఎర్రది ముట్టుకోలేదు. పసుపు దారం ముక్కున కరచుకుని, సూదితో సహా, తిన్నగా గాలిమర స్తంభం కొసకు ఎగిరిపోయింది.

ఊళ్లో చెట్టు లేదు, పుల్ల లేదు. కాకి మాత్రం దేనితో కడుతుంది ఇల్లు? అది తీగలూ దారాలూ ఏరుకుంటోంది. గూట్లో నిలవనిది జారి నూకరత్నం అక్క బల్ల కింద పడుతోంది. బిరడాలు తీసింది నేను. మంగతాయారు గారి చేయి దాటిన సూదులవి, నా లెక్కలోకి వచ్చేసినవి.

వెంటనే సభకు తెలియజేయాలి. తాడు మీద చీటీ పంపితే చాలు.

చీటీ రాశాను. ‘విషయం: కాకి’ అని మొదలుపెట్టాను. గంభీరంగా ఉంది. మడిచి జేబులో పెట్టుకున్నాను. చీటీ ఊరికి చేరితే గూడు తీసేస్తారు, శంఖం ఊదే పని ఎవరికీ ఉండదు. రేపు పంపుతాను.

నమోదు 5

‘రేపు’ అనే మాటను నేను అతిగా వాడుకున్నాను. ఇంకోసారి శంఖం మోగింది. వెళ్లాను. నూకరత్నం అక్క నా కోసం పీట వేసి ఉంచింది, దూరంగానే. జిగురు చిక్కబడిందని చెప్పింది. నవ్వాం. చీటీ జేబులోనే ఉంది.

ఆ తర్వాతి శంఖానికి వెళ్లేసరికి నవ్వేవాళ్లు లేరు. అతుకుల వీధి ఒక పక్కకు వాలిపోయి ఉంది. సూది బల్ల కింద తిత్తిలోనే దిగింది. నూకరత్నం అక్క జిగురు పొయ్యి జారి నీళ్లలో పడిపోయిందట, మోకాలు చెక్కుకుపోయింది. ఆవిడ మొగుడూ, పక్కింటివాళ్లూ తాళ్లు పట్టి వీధిని నిలబెట్టి ఉంచారు. నేను సూదిని లాగాను. పసుపు దారం తడిసి నా పటకారుకు చుట్టుకుంది.

కట్టు పెద్ద పేర్రాజు గారు పడవలో నిలబడి ప్రకటించారు.

“అమావాస్య పోటుకు మంగతాయారు తెప్ప కట్టు విప్పేస్తాం. ఒక్క మనిషి కోసం వీధి మునగనివ్వం.”

కట్టు విప్పితే తెప్ప సముద్రానికి పోతుంది. అలా పోయిన తెప్పలు ఎక్కడికి చేరాయో చెప్పడానికి ఎవరూ తిరిగి రాలేదు.

“కాపరీ, నువ్వేమైనా చెప్పాలా?” అని అడిగారు పేర్రాజు గారు.

కాకి అని రెండక్షరాలు. ఎప్పణ్ణించి తెలుసు, ఎందుకు చెప్పలేదు అని అడుగుతారు. నేను పడవలో పటకారు కడుక్కుంటూ, నియమం ప్రకారం సూది స్వాధీనం చేసుకున్నానండి, అన్నాను.

నమోదు 6

ఇడ్లీలు వచ్చాయి. ఆవిడ కొట్టుకు ఎవరూ వెళ్లడం లేదు, నాకు మాత్రం వస్తున్నాయి. కాస్త గట్టిగా ఉన్నాయి. పిండి ఎవరి కోసమూ రుబ్బడం లేదు కాబోలు, నిన్నటిది.

పసుపు దారం డబ్బా తెరిచాను. ఖాళీ.

తాడు మీద వచ్చేటప్పుడు ఒలికిపోయిందేమోనని డబ్బా అడుగు తట్టి చూశాను. మూత బిగువుగానే ఉంది. ఏమో, రేపటి డబ్బాలో రెండు రోజులవీ కలిపి పంపుతుందేమో అనుకున్నాను. మీరు చూడలేదు గానీ, అలా అనుకుంటూ ఇడ్లీ బాగానే తిన్నాను.

నమోదు 7

మళ్లీ ఖాళీ. ఇడ్లీలు కూడా రాలేదు.

ఊరి జనం మొహాలు నాకు తెలియవు. సూదులు తెలుసు. నీలం దారం ఇంట్లో బిడ్డ పుట్టినప్పుడు ఊరికన్నా ముందు నాకే తెలిసింది, డబ్బాలో చిన్న సూదులు రావడం మొదలైంది. తెల్ల దారం ఇంటి ముసలాయన పోయిన సంగతీ అంతే. ఒక రోజు ఆయన వాటా రాలేదు. మంగతాయారు గారి డబ్బా ఖాళీగా వచ్చిందంటే ఆవిడ సూది వేసుకోలేదు. సూదే లేకపోతే దారమూ ఉండదు, ఇకమీదట ఎక్కడ ఏం దొరికినా తనది కాదని రుజువవుతుంది. ఆవిడ లెక్క అది. ఆ లెక్క నిజమయ్యేలోగా ఆవిడ ఉండదు.

చీటీ తీశాను. తాడు మీద వేస్తే ఊరివాళ్లు దాన్ని సాయంత్రం డబ్బాలు దింపుకునేటప్పుడు గానీ చూడరు. పిలవకుండా నేను ఊళ్లోకి వెళితే, పడవ ఊరి అంచుకు తగలకముందే గెడలతో తోసేస్తారు.

కాపరి తెప్పకూ ఒక శంఖం ఇచ్చారు, ఆపదకు. దాన్ని తీసుకుని పీపా పక్కన నిలబడి ఊదాను. పెదవి చిట్లేదాకా ఊదాను. సూది దొరికినవాడు కదలకూడదు కనుక కదలలేదు. కాపరి రావాలి కనుక, కాపరిని నేనే కనుక, ఊరికి ఏం చేయాలో తోచలేదు. ఊరి అంచున జనం పోగై, వేళ్లు చూపించుకుని, వాదించుకున్నారు. చివరికి పేర్రాజు గారి పడవ కదిలింది. తెడ్డు వేస్తున్నది నూకరత్నం అక్క, మోకాలికి గుడ్డ కట్టుకుని.

పడవ నా తెప్పకు కొంచెం ఎడంగా ఆగింది.

“ఏం దొరికిందయ్యా?” అన్నారు పేర్రాజు గారు.

“సూదులండి.”

“సూదుల తెప్ప మీద సూదులు దొరికితే శంఖం ఊదుతావా?”

“మీరు ఊళ్లో ఏరించినవన్నీ ఇక్కడివేనండి. కాకి ఎత్తుకుపోతోంది. స్తంభం మీద గూడు చూడండి. ముందు మంగతాయారు గారికి సూది వేయించండి. రెండు రోజులుగా వేసుకోవడం లేదు.”

నూకరత్నం అక్క తెడ్డు ఆపింది. “నీకెవరు చెప్పేరు?”

“డబ్బా ఖాళీగా వచ్చింది.”

“ఒంట్లో బాగోలేదని పడుకుంది. దిగులనుకున్నాను,” అని, పేర్రాజు గారిని అడక్కుండానే పడవ తిప్పేసింది. తిప్పుతూనే నాకేసి చూసి, “నువ్వూ రా. సూది సంగతి నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?” అంది.

పేర్రాజు గారు నియమం ఏదో ఎత్తుకోబోయారు. అక్క వేసిన తెడ్డుకు ఆయన కూలబడ్డారు.

నమోదు 8

మంగతాయారు గారు పొయ్యి పక్కనే పడి ఉంది. ఊపిరిలో, చక్కెర ముదిరినప్పుడు వచ్చే మాగిన పండు వాసన. ఊరి వైద్యురాలు సూది వేసి, సెలైను పెట్టి కూర్చుంది. ఆ సూదికి బిరడా నేనే పెట్టాను. దారం కట్టబోతే నూకరత్నం అక్క లాక్కుని నీళ్లలో పారేసింది, దారాన్ని మాత్రమే.

ఈలోగా ఒకడు స్తంభం ఎక్కాడు. గూడు కిందికి దింపారు. రాగి తీగ, వల ముక్కలు, పసుపు దారాలు, దారాలకు సూదులు. లోపల మెత్తగా, ఎంతో శ్రద్ధగా అల్లి ఉంది. అందరూ దాన్ని చూస్తూ నిలబడ్డారు. ఎవరూ మంగతాయారు గారి తెప్ప వైపు చూడలేదు.

పేర్రాజు గారు గొంతు సవరించుకున్నారు.

“కాపరీ, పీపాకు మూత ఉండాలి కదా.”

“మబ్బులకు సూదులు కరగలేదండి. పీపా పొంగిపోయి మూత పట్టలేదు.”

“అదీ నిజమే. ఇంకో పీపా ఇప్పిస్తాం. నువ్వు కనిపెట్టబట్టి సరిపోయింది. లేకపోతే పాపం కట్టుకునేవాళ్లం.”

సభ తరఫున నా భుజం తట్టారు. నేను వచ్చాక నన్ను ఒక మనిషి ముట్టుకోవడం అదే మొదలు.

సాయంత్రానికి మంగతాయారు గారు కళ్లు తెరిచింది. పడవలోనే కూర్చుని ఉన్నాను. పొమ్మని ఎవరూ అనలేదు.

“నువ్వేనా సూదులబ్బాయివి?”

“అవునండి.”

“ఏం బాబూ, ఇన్నాళ్లు నా ఇడ్లీ తిని బుట్ట ఖాళీగా పంపేవు. పచ్చడిలో ఉప్పెక్కువైందనో, బాగుందనో ఒక్క ముక్క రాసి పెట్టలేకపోయేవా? నేను రోజూ బుట్ట తడిమేదాన్ని. నీకు నచ్చట్లేదనుకున్నాను.”

“బుట్టలో చీటీ పెట్టవచ్చా అండీ?”

“వద్దని ఎవరన్నారు?”

ఎవరూ అనలేదు. నియమాలన్నీ నాకు కంఠస్థం. అందులో ఎక్కడా లేదు. తాడు రెండు వైపులా తిరుగుతుంది.

“కాకి పనని చెప్పి నా కట్టు నిలబెట్టేవు,” అంది ఆవిడ. “రేపు నీకు పెసరట్టు పంపుతాను. కారం తింటావా?”

తింటానన్నాను.

నమోదు 9

పెసరట్టు వచ్చింది. అల్లం దండిగా వేసింది. డబ్బాలో రెండు పూటల సూదులు, బిగువైన బిరడాలు. దారం రంగు మార్చారు. ఇప్పుడు అన్ని ఇళ్లకూ బురద రంగే, ఇంటికో రకం ముడి. కాకికి నచ్చదట.

బుట్టలో చీటీ ఉంది: ‘కారం సరిపోయిందా?’

జవాబు రాయడానికి పొద్దుటి నుంచీ కూర్చున్నాను. సరిపోయింది అని రాసి చించేశాను. నాలుగుసార్లు చించాను. ఎండ వచ్చింది, కొలిమి వెలిగించాను, పీపాలోవన్నీ కరిగించేశాను, అయినా రాయలేకపోయాను. ఆవిడకు ఏ ముక్క రాసినా అబద్ధమే అవుతోంది. అందుకని, గడువు తీరాక సభకు అప్పగించవలసిన ఈ చిట్టాను అప్పటిదాకా ఆపకుండా, బుట్టలో పెట్టి ఇప్పుడే ఆవిడకు పంపుతున్నాను. చదివాక సభకు ఇస్తుందో, పొయ్యిలో వేస్తుందో, ఆవిడ ఇష్టం. సభకు చేరితే కట్టు విప్పవలసిన తెప్ప ఏదో పెద్దలకు తెలుసు.

కాకిని చూసీ చెప్పలేదన్నది పైన రాసే ఉంది. దానికి పిరికితనం అని పేరు పెట్టుకోవచ్చు. పిరికివాడు ఏ పనీ చేయడు. నేను ఒక పని చేశాను.

పీపా ఏనాడూ పొంగలేదు. మూత చక్కగా పడుతుంది. కాకి కంటపడేదాకా దాన్ని వేయకపోవడం వట్టి బద్ధకం. కాకిని చూసిన మర్నాటి నుంచీ, రోజూ ఇడ్లీ తినడం అయ్యాక, ఆ మూత తీసి పక్కన పెట్టి, పసుపు దారాలు ఏరి పైన పేర్చి, ఊరి వైపు చెవి పెట్టి కూర్చున్నాను.